గాలం పట్టుకుని సముద్రానికి వెళ్ళేముందు



"డిశ్చార్జి అయ్యాక గాలి మార్పుకి పూడిమడక తీసుకెళ్ళవచ్చా?" అని వార్డులో మీలో చాలామంది అడుగుతుంటారు. డాక్టరుగారు సరే అంటే తప్పకుండా తీసుకెళ్ళండి. వ్యాను మాట్లాడుకుని, చెట్టునీడన వండుకుని, చల్లబడ్డాక గాలం వేసి కూర్చుంటే ఎవరికైనా ప్రాణం తేలికపడుతుంది. చేప పడకపోయినా నష్టం లేదు.

కాని నీళ్ళలోకి దిగవద్దు. 2022 జులైలో పరీక్షలు రాసి సరదాగా అక్కడికి వెళ్ళిన అనకాపల్లి ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు అలలకు కొట్టుకుపోయి చనిపోయారు. వెనక్కి మళ్ళే నీటి ఉరవడి ఈత వచ్చినవారిని కూడా లోపలికి లాగేస్తుంది. అల తక్కువగా, నెమ్మదిగా కనిపించే చోటే ఒక్కోసారి ఆ లాగుడు ఎక్కువ.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. తాడు గాని, మూత బిగించిన ఖాళీ క్యాను గాని విసరండి. జాలర్లను కేకవేయండి, 108కి ఫోను చేయించండి. ఒడ్డుకు చేర్చాక పొట్ట నొక్కవద్దు, తలకిందులు చేయవద్దు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదుతూ, రొమ్ము మధ్య గట్టిగా నొక్కుతుండాలి. ఇది వింటే రాదు. మా సిస్టర్లను అడిగి నేర్చుకోండి.

గాలం వేలిలో దిగితే లాగవద్దు, వెనక్కి తిరిగిన ముల్లు కండను చీలుస్తుంది. దారం కోసి అలాగే ఆస్పత్రికి రండి. టేకు చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగల వేడినీళ్ళలో పాదం ఉంచండి, నొప్పి తగ్గుతుంది. ఆ తరువాత ఇక్కడికే రావాలి.

షుగరు ఉన్నవారు ఇసుకలోనూ చెప్పులు విడవకూడదు. కాలు కాలినా వారికి తెలియకపోవచ్చు. రాత్రి పడుకునేముందు వారి అరికాళ్ళు మీరే చూడండి.