అడ్మిషన్ నంబరు చెప్పు బాబూ
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

నాది సర్వర్ల ఉద్యోగం. అందులో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

అది పదో తరగతి ఫలితాల రోజు. మా కంపెనీలో ఒకే సర్వర్ మీద చాలా వెబ్‌సైట్లు నడిచేవి. వాటిలో ఒకటి మార్కులు చూపించే సైటు. దాని ప్రోగ్రాం రాసింది నేనే. ఫలితాలు వచ్చిన కాసేపటికే ఆ సైటుతో పాటు మిగతావన్నీ నిలిచిపోయాయి. వీధి కుళాయి కింద ఒకరు డ్రమ్ము పెట్టేస్తే వెనక బిందెలన్నీ ఆగిపోవూ, అలాగ.

అప్పుడే బొబ్బిలి నుంచి అమ్మ ఫోన్. "ఏట్రా, పక్కింటి గుంట పొద్దున్నుంచి నెట్ సెంటర్ కాడే ఉంది. నంబరు కొడితే ఏటీ రావట్లేదట. ఫెయిలయిపోనానేమోనని ఏడుస్తంది." ఆ సైటు నాదేనని అమ్మకు తెలీదు. నేనూ చెప్పలేదు.

మైఎస్‌క్యూఎల్‌లో ఒకేసారి 151 కనెక్షన్లకు అనుమతి ఉంటుంది. నేను దాన్ని 500 చేశాను. మెమరీ చాలక సర్వర్ ఇంకా కుంగింది. పెద్ద సర్వర్ కొనాల్సిందేనని మేనేజరుకు చెప్పేశాను.

కొత్తగా చేరిన ఒక అమ్మాయి మాత్రం, "సార్, స్లో క్వెరీ లాగ్ చూశారా?" అంది. ఏ ప్రశ్నకు ఎంతసేపు పడుతోందో రాసిపెట్టే చిట్టా అది. మామూలుగా ఆపేసి ఉంటుంది. ఆన్ చేసి చూస్తే అంతా నా క్వెరీయే. ముందు 'ఎక్స్‌ప్లెయిన్' అని చేర్చి నడిపితే, ఒక్క విద్యార్థి కోసం పట్టికలోని లక్షల వరసలూ చదువుతోందని తేలింది.

హాల్ టికెట్ నంబరుకు ఇండెక్స్ ఉంది. కానీ పట్టికలో ఆ నంబరును అక్షరాలుగా దాచి, క్వెరీలో అంకెగా అడిగాను. రకం కలవక డేటాబేస్ ఇండెక్స్‌ను పక్కనపెట్టి ప్రతి వరసనూ మార్చి పోల్చి చూస్తోంది. నంబరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాం. క్షణంలో జవాబొచ్చింది. కనెక్షన్లు తగ్గించాం. ఫలితాలు గంటగంటకూ మారేవి కావు గనక, ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ మళ్లీ అదే ఇచ్చాం. కొత్త సర్వర్ అవసరమే రాలేదు.

టీసీ కోసం వెళితే మన బడి గుమాస్తాగారు ఏమనేవారో గుర్తుందా? "అడ్మిషన్ నంబరు చెప్పు బాబూ." చెబితే వెంటనే తీసేవారు. చెప్పకపోతే రిజిస్టర్లన్నీ తిరగేయాలి, వెనకున్నవాళ్లు ఎండలో నిలబడాలి. ఇండెక్స్ అంటే అదే. ఇక్కడ కళ్లారా చూసిందే అక్కడ మరిచిపోయాను.

ఆ పిల్ల మార్కులు సాయంత్రానికి తెలిశాయి. పాసయింది. కానీ ఆ పూటంతా ఏడ్చిన ఏడుపు నా ఖాతాలోదే.

ఈ యాభై ఏళ్ల రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని సంఘం అనుకుంటోంది. ఆ పని నాకివ్వండి. ఈసారి నంబరు దగ్గర తప్పు చేయను.

సెలవు.