మానేరు ఇసుకకు, సముద్రపు ఒడ్డుకు లంకె ఏంది?

(సిరిసిల్ల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



సిరిసిల్ల సభల సముద్రం ముచ్చటేందని మీరు అడుగుతరు. సముద్రం మనకు దూరమే. కానీ ఆ ఒడ్డును నిలబెట్టే మట్టి, ఇసుక మన వాగులల్ల నుంచి గూడ పోతయి.

ఒడ్డు అంటే దేవుడు గీసిన గీత కాదు. అది జమా ఖర్చుల లెక్క. వానకు గుట్టలు, చెలకలు కోసుకపోతయి. ఆ మట్టి, ఇసుక మానేరుల, ధర్మపురి ముందటి గోదావరిల పడి కిందికి పోతయి. సముద్రంల కలిసే కాడ నది నెమ్మదించి వాటిని దించుతది. వేల ఏండ్లు అట్ల దించితేనే కోనసీమ లేచింది. అలలు ఆ ఇసుకను ఒడ్డు పొంటి జరిపితే కాకినాడ ముందట హోప్ ఐలాండ్ దిబ్బ పెరిగింది. నది తెచ్చేది ఎక్కువైతే ఒడ్డు ముందుకు పోతది, అలలు కోసేది ఎక్కువైతే ఎనుకకు జరుగుతది.

ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ఈ లెక్క తీసిండ్రు. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976 - 2001 నడుమ డెల్టా అంచున 18 చదరపు కిలోమీటర్లకు పైగా నేల సముద్రం పాలైంది. మరి ఆ ఒండ్రు ఏడికి పోయింది? చాలావరకు డ్యాముల అడుగున పడ్డది. శ్రీరాంసాగర్ మొదట 112 టీఎంసీలు పట్టేది. పూడిక నిండి ఇప్పుడు 80 టీఎంసీల కాడికి వచ్చింది.

కాకినాడ అవతల ఉప్పాడల అలలు ఇండ్లను మింగినయి. దానికి డ్యాములొక్కటే కారణం కాదు. ఓడరేవు కట్టడాలు, దిబ్బ పెరిగి మారిన అలల పోకడ కూడా ఉన్నయి. కారణం ఏదైనా, గూడు పోయింది మత్స్యకారులకు.

డ్యాములు వద్దని మేమంటలేం, సాగునీళ్లు కావాలె. కానీ మిగిలిన ఇసుకను గూడ లారీలు ఎత్తుకపోతే ఎట్ల? ఏటి ఇసుక తడి పట్టి పెడితేనే పక్క బాయిలల్ల నీళ్లుంటయి. 2017 జూలైల ఇసుక లారీ గుద్ది జిల్లెల్ల మనిషి చనిపోయిండు. కడుపు మండిన జనం లారీలు తగలబెట్టిండ్రు. నేరెళ్ల దళిత, బీసీ బిడ్డలను పట్టుకపోయి పోలీసులు చిత్రహింసలు పెట్టిండ్రని బాధితులే చెప్పిండ్రు. ఇసుక పైసలు ఒకరికి, దెబ్బలు మనకు!

రాష్ట్రాలు వేరైనా నది ఒక్కటే. ఎగువ మాల మాదిగ వాడకు, దిగువ మత్స్యకారుల పల్లెకు దుఃఖం ఒక్క తీరే. ఇసుకకు 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది. ఎన్ని లారీలు పోయినయి, ఎంత లోతు తవ్విండ్రు, పైసలు ఎవరికి ముట్టినయి? ప్రతి ఊరి గ్రామసభల ఈ మూడు ప్రశ్నలు అడుగుదాం. జవాబు కాగితం మీద రాయించుకుందాం.