పాలు, పాలవంటి పానీయములు
(చోడవరము పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



చెఱకు పండు ఈ ప్రాంతమున పాడియు ఇంటికి ఆధారమే. అయితే పాలన్నియు కేంద్రమునకు పోయి, బిడ్డలకు గంజియే మిగులు ఇండ్లును కలవు.

గేదెపాలలో వెన్న నూటికి 6, 7 పాళ్లు; ఆవుపాలలో సుమారు 4. మాంసకృత్తులు, సున్నపు ధాతువు రెంటను సమృద్ధిగా నున్నవి. వెన్న తీసినను అవి పోవు. గుండెజబ్బు గల పెద్దలకు అట్టి పాలే మేలు; రెండేండ్లలోపు బిడ్డలకు మాత్రము తగవు. పాలు సరిపడనివారికి పెరుగు తఱచుగా ఇముడును.

సోయాపాలు మాంసకృత్తులలో ఆవుపాలకు దీటు. కొబ్బరిపాలలో క్రొవ్వే హెచ్చు. గంజిలో పిండిపదార్థము తప్ప బలమేమున్నది? రాగిజావలో సున్నపు ధాతువు దండిగా నున్నను, బి-12 విటమిను లేదు.

ఆఱు నెలలవఱకు శిశువునకు తల్లిపాలే చాలును. ఏడాది నిండువఱకు పై వానిలో ఏదియు వానికి బదులు కాజాలదు. అంగన్‌వాడీ తూకపు పట్టికను నెలనెలా చూడుడు. పాలమ్ము ఇంట బిడ్డ తూకము తగ్గినచో, ముందుగా బిడ్డకు గ్లాసెడు పాలుంచి మిగిలినవే అమ్ముమని ఆ ఇంటివారికి నచ్చజెప్పుడు.