ప్రింటరు మొరాయించినప్పుడు

గత శ్రావణమాసంలో ముసురుపట్టిన ఒక సాయంకాలం మా కేంద్రంలో జరిగిన చిన్న సంగతితో ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తాము. ఆనాడు రైతుల కార్యక్రమంలో సస్యరక్షణను గురించి ఒక ప్రసంగం ఉన్నది. వ్రాసిన పెద్దమనిషి జ్వరంచేత రాలేక, తొమ్మిది పుటల వ్రాతప్రతిని మాత్రం పంపినారు. దానిని మా గదిలోని మల్టీఫంక్షన్ ప్రింటరుకు అప్పగించి, మీట నొక్కి, వెలుపలికి వచ్చిన నకలు కాగితాలను లెక్కించకుండానే స్టూడియోకు పంపినాము. అనౌన్సరుగారు చదువుతున్నారు. నాలుగవ పుట చివర “ఈ పురుగుమందును ఎకరానికి” అని ఉన్నది. ఆ తరువాతి కాగితం “పశువులకు ఉదయం సాయంకాలం పట్టించవలెను” అని మొదలైనది. వారి చూపు నోటికంటె ఒక అడుగు ముందు నడవడం మా అదృష్టం. మాట అక్కడనే ఆగినది. మేము మేడమెట్లు రెండేసి చొప్పున దాటి, అసలు ప్రతిలోని అయిదవ పుటను తెచ్చి అందించేవరకు వీణానాదం మా పరువును కాపాడినది.

జరిగినది ఇంతే. గాలిలోని చెమ్మకు నాలుగవ కాగితమూ అయిదవ కాగితమూ ఒకదానినొకటి అంటిపెట్టుకొని జంటగా యంత్రంలోనికి వెళ్ళినవి. యంత్రపు కంటికి నాలుగవది మాత్రమే కనిపించినది. దాని చాటున అయిదవది దాగిపోయినది. ఆ రాత్రి మేము యంత్రాన్ని నిందించినాము. మరునాడు దానిని బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు ఒక మాట అన్నాడు: “అయ్యా, నూటికి తొంభై పాళ్ళు తప్పు దీనిది కాదు, కాగితానిది, కాగితం పెట్టిన చేతిది.” అతని లెక్కను మేము సరిచూడలేదు గాని, ఆ మాటలోని నిజం తరువాత తెలిసివచ్చినది. ఈనాడు ఇటువంటి యంత్రాలు గృహస్థుల ఇండ్లలోనికి కూడ వచ్చినవి. పిల్లల హాల్ టిక్కెట్లు, పింఛనుదారుల పత్రాలు, పొలం కాగితాలు వీటిగుండానే నడుస్తున్నవి. అందుచేత మేము నేర్చుకున్నది శ్రోతలతో పంచుకొనడం మంచిదనుకున్నాము.

మొదట గుర్తింపవలసినదేమనగా, ఈ పెట్టె ఒక్క యంత్రం కాదు. క్రింద అచ్చువేసే ప్రింటరు ఉన్నది. పైన కాగితాన్ని చూచే స్కానరు ఉన్నది. ఈ రెంటినీ కలిపితే నకలు తీసే యంత్రం అవుతున్నది. కాబట్టి రోగమెక్కడ ఉన్నదో తెలియనప్పుడు వైద్యుడు నాడి చూచినట్లు ఒక పని చేయవచ్చు. మూత ఎత్తి, ఒక కాగితాన్ని అద్దంమీద బోర్లించి, కంప్యూటరుతో నిమిత్తం లేకుండ యంత్రంమీది మీటనే నొక్కి ఒక నకలు తీయవలెను. నకలు చక్కగా వచ్చినదా, స్కానరూ ప్రింటరూ రెండూ ఆరోగ్యంగానే ఉన్నవి. లోపం కంప్యూటరుకూ యంత్రానికీ నడుమనున్న సంబంధంలో ఉన్నది. కాగితమే కదలలేదా, లోపం క్రింది అంతస్తులో ఉన్నది. కాగితం కదలి, నకలుమీద మచ్చలో గీతలో వచ్చినవా, కంప్యూటరునుంచి మరొక పుట అచ్చువేసి చూడవలెను. అది శుభ్రంగా వస్తే లోపం పై అంతస్తులో ఉన్నది. ఈ పరీక్షకు రెండు కాగితాలు ఖర్చవుతవి. తప్పుచోట మరమ్మతు చేయించే ఖర్చు తప్పుతుంది.

ఇక కాగితం కదలిక సంగతి. పెండ్లి బంతిలో విస్తళ్ళు వేసేవానిని మనమందరమూ చూచినాము. కుడిచేతి బొటనవ్రేలితో పై ఆకును ముందుకు నెట్టుతాడు. ఎడమచేతితో తక్కిన ఆకులను కదలనీయకుండ పట్టుకుంటాడు. యంత్రంలో జరిగేదీ ఇదే. బొటనవ్రేలి స్థానంలో తిరిగే రబ్బరు రోలరు ఉన్నది. ఎడమచేతి స్థానంలో, చాల యంత్రాలలో, ఒక చిన్న రబ్బరు మెత్త ఉన్నది. రోలరుకు కాగితంమీద పట్టు అన్నిటికంటె ఎక్కువగా ఉండవలెను. మెత్తకు కాగితంమీద పట్టు దానికంటె తక్కువగా ఉండవలెను. కాగితానికి కాగితంమీద పట్టు అన్నిటికంటె తక్కువగా ఉండవలెను. ఈ మూడింటి వరుస చెడనంతవరకు కాగితాలు ఒక్కొక్కటిగా నడుస్తవి.

వరుస చెడినప్పుడు ఏది చెడినదో లక్షణాన్నిబట్టి చెప్పవచ్చు. రోలరు గిర్రున తిరిగినా కాగితం కదలకపోతే రోలరు నునుపెక్కినదన్నమాట. కాగితం తయారీలో సుద్దవంటి తెల్లని పొడిని కలుపుతారు. ఆ పొడి రాలి రబ్బరుకు అంటుకొని, నల్లపలకమీద సుద్దవలె దానిని మూసివేస్తుంది. తీగను గోడనుంచి ఊడదీసి, నూలుపోగులు రాలని బట్టను మంచినీటిలో తడిపి, గట్టిగా పిండి, రోలరును చేతితో త్రిప్పుతూ చుట్టూ తుడవవలెను. ఆరిన తరువాతనే మరల వాడవలెను. కుట్టుమిషనుకు వేసినట్లు నూనె వేయడం మాత్రం అనర్థం. నూనె ఉన్నచోట పట్టు ఉండదు. ఇక రెండు మూడు కాగితాలు ఒక్కసారిగా వస్తూ ఉంటే, మెత్త అయినా అరిగి ఉండవలెను, కాగితాలైనా అంటుకొని ఉండవలెను. తుడిచినా గుణం కనిపించకపోతే అరిగిన రబ్బరును మార్పించవచ్చు. కొత్త యంత్రపు వెలతో పోల్చితే అది స్వల్పమైన ఖర్చు. ఇది తెలియక యంత్రాన్నే పాతసామాను వానికి అమ్మివేసిన ఇండ్లను మేము ఎరుగుదుము.

మన కోస్తా జిల్లాల వర్షాకాలంలో ఉప్పు చెమ్మగిల్లుతుంది, అప్పడం మెత్తబడుతుంది. కాగితానికీ అదే స్వభావం. అది గాలినుంచి తేమను పీల్చుకుంటుంది. తేమ పీల్చిన కాగితం బిగువు పోయి, అంచులు వంకరలు తిరిగి, పక్కకాగితాన్ని అంటిపెట్టుకుంటుంది. కాగితాల కట్టపై చుట్టుకాగితం అలంకారం కొరకు వేసినది కాదు, తేమను అడ్డుకొనడానికి వేసినది. కట్టను విప్పిన తరువాత కావలసినన్ని కాగితాలు మాత్రమే ట్రేలో పెట్టి, తక్కినవాటిని మరల చుట్టి, నేలమీద గాక పలకమీద, నిలువుగా గాక పడుకోబెట్టి ఉంచవలెను. ట్రేలో పెట్టేముందు కాగితాలను విసనకర్రవలె విప్పి, గాలి ఆడనిచ్చి, అంచులు సమంగా తట్టవలెను. ట్రేలోని గీత దాటి నింపరాదు. ప్రక్కనుండే ఆనులు కాగితాన్ని తాకవలెను గాని నొక్కరాదు. వదులైతే కాగితం ఏటవాలుగా పోతుంది. బిగుసుకుంటే అసలే కదలదు.

కాగితపు మందం కూడ చూడవలెను. మనం వాడే ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గలది. ఇటువంటివి 16 పరచితే సుమారు ఒక చదరపు మీటరు అవుతుంది. కట్టపై 80 గ్రాములని వ్రాసినది ఆ చదరపు మీటరు బరువును. అనగా ఒక్కొక్క కాగితం 5 గ్రాములు, 500 కాగితాల కట్ట రెండున్నర కిలోలు తూగవలెను. పలుచని చవుక కాగితంతో సతమతమయ్యే గృహస్థు ఒకసారి కట్టను తక్కెడలో వేసి చూచుకొనవచ్చు.

ఇంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకప్పుడు కాగితం ఇరుక్కుంటుంది. దానికి సిగ్గుపడవలసినది లేదు. 1959లో అమెరికాలో వెలువడిన జిరాక్స్ 914 అనే యంత్రం మామూలు కాగితంమీద నకళ్ళు తీసే యంత్రాలలో మొదటిసారిగా వ్యాపారవిజయం సాధించినది. దానిలో ఇరుక్కున్న కాగితం వేడికి అంటుకొనే ప్రమాదముండేది. అందుచేత యంత్రంతోపాటు ఒక చిన్న అగ్నిమాపకాన్ని కూడ ఇచ్చి, దానికి ‘కమురు నివారిణి’ అనే అర్థం వచ్చే సౌమ్యమైన పేరు పెట్టినారు. ఇప్పటి యంత్రాలు ఎంతో మెరుగుపడినవి. అయినా లేజరు ప్రింటరులో అచ్చుపొడిని కాగితానికి అతికించే భాగం నేటికీ 200 డిగ్రీలకు దరిదాపుగా వేడెక్కుతుంది. కాబట్టి విద్యుత్తును ఆపి, చల్లారనిచ్చి, ఆ తరువాతనే తలుపు తీయవలెను. కాగితాన్ని రెండు చేతులతో, అది మామూలుగా ప్రయాణించే దిశలోనే, నెమ్మదిగా లాగవలెను. ఎదురుదిశలో గుంజితే కాగితం చినుగుతుంది, సున్నితమైన భాగాలు విరుగుతవి.

చినిగిన కాగితాన్ని పారవేయరాదు. ముక్కలన్నీ బల్లమీద పేర్చి చూడవలెను. ఒక మూల తక్కువైతే ఆ మూల ఇంకా లోపలనే ఉన్నదన్నమాట. కాగితం వచ్చినదీ లేనిదీ తెలుసుకొనడానికి యంత్రంలో దారి పొడుగునా వ్రేళ్ళవంటి చిన్న మీటలు ఉంటవి. కాగితం తగిలినప్పుడు అవి వంగుతవి, దాటిపోయినప్పుడు లేస్తవి. గోరంత కాగితపు ముక్క ఆ వ్రేలిని వంచిపెట్టినా, లోపల ఏమీ లేకపోయినా, యంత్రం “కాగితం ఇరుక్కున్నది” అని మొరపెడుతూనే ఉంటుంది. అది అబద్ధమాడుతున్నదని మనం కోపగించుకుంటాము. టార్చిలైటు వేసి వెదకితే దాని మాటయే నిజమని తేలుతుంది.

ఇప్పుడు పై అంతస్తుకు వెళ్దాము. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే శాస్త్రజ్ఞుడు తన మూడు నెలల కుమారుని ఛాయాచిత్రాన్ని కంప్యూటరులోనికి ఎక్కించినాడు. ఆ బొమ్మలో అడ్డంగా 176, నిలువుగా 176, మొత్తం 30,976 చుక్కలు మాత్రమే ఉన్నవి. ఈనాడు మన ఇంటి స్కానరు ఒక ఏ4 పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున చూస్తే 87 లక్షల చుక్కలు అవుతవి. రంగులతో తీస్తే, కుదించకముందు 26 మెగాబైట్లు. అంగుళానికి 600 చుక్కలు పెడితే చుక్కలు రెట్టింపు గావు, నాలుగు రెట్లు, 104 మెగాబైట్లు. స్కానరు నత్తనడక నడుస్తున్నదని, దరఖాస్తు ఎక్కడం లేదని విసుగుకొనేవారు ముందు ఈ అంకెను చూచుకొనవలెను. అక్షరాలున్న పత్రానికి 200 నుండి 300 వరకు చాలును.

స్కాన్ చేసిన పుటమీద పైనుంచి క్రిందివరకు సన్నని గీత వస్తున్నదని చాలమంది ఫిర్యాదు చేస్తారు. యంత్రం కన్ను పోయినదని భయపడతారు. మూత ఎత్తితే పెద్ద అద్దం కనిపిస్తుంది. పైన కాగితాలను తానే లాగుకొనే ఫీడరు గల యంత్రాలలో దాని ప్రక్కన వ్రేలెడు వెడల్పుతో మరొక సన్నని అద్దపుపట్టీ కూడ ఉంటుంది. పెద్ద అద్దంమీద పెట్టినప్పుడు కాగితం నిలిచి ఉంటుంది, కన్ను నడుస్తుంది. అక్కడ మచ్చ ఉంటే పుటమీద చుక్కగానే కనిపిస్తుంది. ఫీడరులో పెట్టినప్పుడు కన్ను ఆ పట్టీ క్రింద నిలిచి ఉంటుంది, కాగితం నడుస్తుంది. పట్టీమీద ఆవగింజంత మచ్చ ఉన్నా అది నడిచే కాగితంమీద ఆద్యంతమూ గీత గీస్తుంది. కాబట్టి ఫీడరులో గీత వచ్చి, పెద్ద అద్దంమీద రాకపోతే, తుడవవలసినది ఆ పట్టీని. రెవిన్యూ స్టాంపు జిగురు, ఆరని సిరా, దిద్దుబాటు తెల్లరంగు – వీటి మచ్చలే అక్కడ కనిపిస్తవి. అద్దంమీద నేరుగా ద్రవం చల్లక, బట్టను కొద్దిగా తడిపి తుడవవలెను.

నకలు చక్కగా వచ్చి, కంప్యూటరుకు మాత్రం స్కాన్ చేరకపోవడం మూడవ చిక్కు. అచ్చువేయడానికీ స్కాన్ చేయడానికీ కంప్యూటరులో వేరు వేరు ఏర్పాట్లు ఉంటవి. ఒకటి పనిచేసినంతమాత్రాన రెండవది పనిచేస్తుందని నమ్మరాదు. వైఫైమీద నడిచే యంత్రానికి రౌటరు ఒక చిరునామా ఇస్తుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ చిరునామా మారవచ్చు. ఇల్లు మారిన బంధువుకు పాత చిరునామాతో ఉత్తరం వ్రాసినట్లు కంప్యూటరు పాతచోటనే వెదకుతూ ఉంటుంది. మొదట రౌటరును, తరువాత ప్రింటరును, చివరకు కంప్యూటరును ఆపి వెలిగించి చూడవలెను. మాటిమాటికీ ఇట్లు జరుగుతూ ఉంటే ప్రింటరుకు స్థిరమైన చిరునామా కేటాయించమని తెలిసినవారిని అడుగవలెను.

ఇంతవరకు చెప్పినవన్నీ యంత్రం బాగుకు. చివరిమాట మన బాగుకు. పొలం దస్తావేజు, తాతగారి వీలునామా, చదువు పట్టా – ఇటువంటి అసలు పత్రాలను ఫీడరులో పెట్టరాదు. మడతలు పడి బలహీనమైన కాగితాన్ని రోలరు గుర్తుపట్టదు. నిన్న కొన్న తెల్లకాగితాన్ని లాగినట్లే లాగుతుంది. చినిగిన దస్తావేజును ఏ మెకానిక్కూ అతికించలేడు. అవి ఎంత ఆలస్యమైనా పెద్ద అద్దంమీదనే పెట్టవలెను. తక్కిన కాగితాలను ఫీడరులో పెట్టేముందు గుండుసూదులూ స్టేపులు పిన్నులూ తీయవలెను. తీసిన తరువాత పుటలు లెక్కించవలెను.

మొరాయించిన ఎద్దును కొట్టినంతమాత్రాన బండి కదలదు. కాడి ఎక్కడ ఒరుసుకుంటున్నదో చూచిన రైతు బండి కదులుతుంది. ఇప్పుడు మా గదిలో ప్రతి వ్రాతప్రతికీ పుటసంఖ్యలు వేస్తున్నాము. లోనికి వెళ్ళినవెన్నో, వెలుపలికి వచ్చినవెన్నో లెక్కించి మరీ స్టూడియోకు పంపుతున్నాము. అయినా అనౌన్సరుగారు కాగితాలు అందుకొనేటప్పుడు చిరునవ్వుతో, “ఈ రోజు పశువులకు ఏమి పట్టించమంటారు?” అని అడగడం మానలేదు.