కీళ్ళవాతము: దేహములోని వార్తాహరులు

శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో కీళ్ళనొప్పులను గూర్చినవి తక్కువ కావు. అట్టి ఉత్తరమొకటి యీ ప్రసంగమునకు కారణమైనది. వ్రాసిన ఆమె వయస్సు 34 ఏండ్లు. ఉదయము నిద్రలేచిన పిమ్మట రెండు గంటలవరకు ఆమె పిడికిలి బిగింపజాలదు. పిల్లవాని చొక్కాకు గుండీలు పెట్టుట, తడిబట్ట పిండుట, కుళాయి త్రిప్పుట ఆమెకు గండములైనవి. మధ్యాహ్నమగుసరికి చేతులు కొంత స్వాధీనమునకు వచ్చును. అందుచేతనే యింటిలోనివారికి అనుమానము. ప్రొద్దున మూలిగిన మనిషి మధ్యాహ్నము పప్పు రుబ్బుచున్నదే యని వారు ముఖముఖములు చూచుకొందురట. ఇది వాతమా, రక్తము తక్కువయగుటయా, లేక నా ఒళ్ళుబద్ధకమా యని ఆమె మమ్ము అడిగినది.

ఒళ్ళుబద్ధకము కాదని ముందుగనే చెప్పుచున్నాము. రోగనిర్ణయము మా పని కాదు. అది వైద్యుని చేతిలోనిది. కాని ఆమె వర్ణించిన లక్షణములకు వైద్యశాస్త్రమున ఒక పేరున్నది, ఒక వివరణమున్నది. ఆ వివరణము గత యాభై సంవత్సరములలో ఏర్పడినదే.

మనము వాతమను నొక్క మాటతో చాల నొప్పులను మూటగట్టి పెట్టినాము. వయసు మీరినవారికి మోకాలి చిప్పలోపలి మృదులాస్థి అరిగి నొప్పి పుట్టుట ఒకటి. నడచినకొలది అది హెచ్చును, కూర్చున్నచో తగ్గును. రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చి, దాని స్ఫటికములు కీలులో పేరుకొని, రాత్రికి రాత్రి బొటనవ్రేలు నిప్పువలె మండుట రెండవది. మూడవది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. ఇది రెండు చేతుల చిన్న కీళ్ళను ఒక్కతీరుగ పట్టుకొనును. విశ్రాంతిచే బిగిసి, కదలికచే సడలును. ఇది వృద్ధుల వ్యాధి కాదు. నడివయస్సుననే, ఒక్కొక్కప్పుడు అంతకు ముందే మొదలగును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగ వచ్చును. ఇందు కీలు అరుగుటలేదు. దేహమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే కీలులోపలి పలుచని పొరపై దండెత్తుచున్నది.

ఈ దండునకు ఆజ్ఞలు మోయునవే సైటోకైనులు. ఇవి మిక్కిలి చిన్న ప్రోటీనులు. ఒక కణము వీనిని వెలువరించును, వేరొక కణము అందుకొనును. మా వృత్తికి చెందిన పోలికయే చెప్పవలెనన్న, కణము పైపొరమీద నుండు గ్రాహకము రేడియో సెట్టు వంటిది. ఆ తరంగమునకు కుదిరిన సెట్టున్న యింటికే వార్త వినబడును. వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ఎఱ్ఱబారి, వెచ్చబడి, వాచి, నొప్పి పుట్టుట యీ వార్తల ఫలితమే. అది మేలు చేయు వాపు. క్రిములు నశించి గాయము మానుసరికి ప్రసారము ఆగిపోవును. రుమటాయిడ్ వ్యాధిలో ప్రసారము ఆగదు.

ఇందు ముఖ్యులు ముగ్గురు. మొదటిది ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్, టి.ఎన్.ఎఫ్. అని పొట్టిపేరు. ఇది రక్తనాళముల గోడలను తెల్లకణములు అంటుకొని దాటిపోవుటకు అనువుగ మార్చును, ఇతర కణములను మేల్కొల్పును. ఇంటర్‌ల్యూకిన్-1 దీనితో చేయి కలిపి, మృదులాస్థిని కరిగించు రసములను పుట్టించును. ఎముకను తొలుచు కణములను పురికొల్పును. ఇంటర్‌ల్యూకిన్-6 కీలులోనే నిలువక కాలేయముదాక పోవును. రక్తపరీక్షలలో సి.ఆర్.పి. హెచ్చుటకు ముఖ్యకారణము అదియే. ఇనుమును రక్తనిర్మాణమునకు అందకుండ నిలువలలో బంధించునదియు అదియే. ఇనుపమాత్రలు ఎన్ని మ్రింగినను కొందరు రోగులకు రక్తము పట్టకపోవుటకు ఇది కారణము. మఱియొక విశేషము. ఈ రోగుల రక్తములో ఇంటర్‌ల్యూకిన్-6 తెల్లవారుజామున హెచ్చి, ప్రొద్దెక్కినకొలది తగ్గును. ఉత్తరము వ్రాసినామె యింటివారు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెనని మా కోరిక.

టి.ఎన్.ఎఫ్. కథ విచిత్రమైనది. న్యూయార్కులోని స్లోన్ కెట్టరింగ్ సంస్థలో లాయిడ్ ఓల్డ్ బృందమువారు 1975లో దీనికి పేరు పెట్టిరి. ఎలుకలలో పుట్టకురుపులను చంపు పదార్థమని వారు దీనిని వెలువరించిరి. క్యాన్సరుకు మందు దొరికెనని పలువురు ఆశపడిరి. అదే నగరమున రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయములో బ్రూస్ బ్యూట్లర్, ఆంథొనీ సెరామీలు దీర్ఘరోగులను శుష్కింపజేయు పదార్థమునకై వెదకుచుండిరి. 1985లో తేలినదేమన, రెండును ఒక్కటే! మందనుకొన్నది రోగకారణమైనది.

లండనులోని కెనెడీ సంస్థలో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అను నిద్దరు దీనిని కీళ్ళవ్యాధితో ముడిపెట్టిరి. మైనీగారు 1937లో మన పంజాబులోని లుధియానాలో పుట్టినవారు. నాడు పండితులు లేవదీసిన ఆక్షేపణ బలమైనదే: వాచిన కీలులో ఇన్ని సైటోకైనులుండగా ఒక్కదానిని ఆపిన ఏమి లాభము? మిగిలినవి పని నడుపవా? ఫియోనులా బ్రెన్నన్ అను శాస్త్రజ్ఞురాలు, వారితో కలిసి, రోగుల కీళ్ళనుండి తీసిన కణములను గాజుపాత్రలలో పెంచి టి.ఎన్.ఎఫ్.ను మాత్రము అడ్డగించినది. ఇంటర్‌ల్యూకిన్-1 కూడ తగ్గిపోయెను. 1989లో ఇది ప్రకటితమైనది. ముఠాలో నాయకుడెవరో దీనివలన తెలిసినది. 1991లో ఏథెన్సునందు జార్జ్ కొల్లియాస్ బృందము మానవుల టి.ఎన్.ఎఫ్.ను అధికముగ పుట్టించు ఎలుకలను తయారుచేయగా, వానికి కీళ్ళవ్యాధి దానంతట అదే వచ్చినది.

1992లో లండనులోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో 20 మంది రోగులకు టి.ఎన్.ఎఫ్.ను పట్టి బంధించు ప్రతిదేహమును సూదిద్వారా ఎక్కించిరి. వాపులు దిగినవి. కాని యిట్టి ప్రయోగమున ఆశయే సగము గుణము చూపవచ్చును గదా! కావున రోగికిని, చూచు వైద్యునికిని ఏది మందో తెలియనిరీతిగ 73 మందిపై మరల పరీక్షించిరి. ఫలితములు 1994లో వెలువడినవి. నాలుగు వారములకు, మందులేని ద్రవము పొందిన 24 మందిలో ఇద్దరికి మాత్రమే గుణము కనబడగా, ఎక్కువ మోతాదు పొందిన 24 మందిలో 19 మందికి కనబడెను. ఐతే ఒక్కసారి యిచ్చిన మందు పని కొన్ని వారములే. పిదప వ్యాధి తిరిగి వచ్చును. ఇది అదుపు, నివారణము కాదు.

తరువాతి మందులను త్వరగ చెప్పుదుము. 1998లో ఎటానర్‌సెప్ట్, 1999లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందినవి. మొదటిది దొంగ గ్రాహకము. వార్తను తానే మ్రింగి కణమునకు చేరనీయదు. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకమును మూయు టోసిలిజుమాబ్ జపానులో కిషిమోతో పరిశోధనల ఫలము. 2008లో అచట కీళ్ళవ్యాధికి వచ్చినది. 2012లో వచ్చిన టోఫాసిటినిబ్ మాత్ర సెట్టును ముట్టదు. కణములోపలి తీగను త్రుంచును.

ఒక వ్యాధికి కుదిరినది వేరొకదానికి కుదరదు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీవ్యాధిలో టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించిచూడగా రోగము ముదిరినది. లూపస్‌లో ప్రధానపాత్ర ఇంటర్‌ఫెరానుది. వెన్ను బిగుసుకొను వ్యాధిలో ఇంటర్‌ల్యూకిన్-17ను ఆపుట కూడ గుణమిచ్చుచున్నది.

అన్నిటికంటె మన దేశమున తలచుకొనవలసినది క్షయ. ఎప్పుడో చిన్ననాడు లోపల ప్రవేశించిన క్షయక్రిములను దేహము చుట్టుముట్టి గోడకట్టి బంధించును. ఆ గోడకు కాపలాదారు టి.ఎన్.ఎఫ్. కాపలా తొలగించిన బందీలు బయటపడుదురు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ పుచ్చుకొన్నవారిలో 70 మందికి క్షయ వచ్చినట్లు 2001లో అమెరికాలో ప్రకటింపబడినది. సగముకంటె ఎక్కువమందికి అది ఊపిరితిత్తులను దాటిపోయినది. అందుచేతనే యీ సూదిమందులకు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయపరీక్ష తప్పనిసరి. ఎప్పుడో ఇంటిలో ఎవరికైన క్షయ వచ్చియుండినచో సిగ్గుపడి దాచవలదు.

ఈ సూదిమందులు ఖరీదైనవి. అయినను చాలమందికి మొదట ఇచ్చునది అవి కావు, మెథోట్రెక్సేట్ మాత్ర. అది చవుక. దాని పుట్టుకలో తెలుగువాని చేయి యున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నడిపిన బృందమే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. ఆ ఆమ్లమునకు విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను కూడ తయారుచేసినది. అవి రక్తపు క్యాన్సరుకై పుట్టిన మందులు. సుబ్బారావుగారు 1948లో గతించిరి. మెథోట్రెక్సేట్‌కు అమెరికాలో కీళ్ళవ్యాధికై అనుమతి 1988లో లభించెను. నేడు వైద్యులు ఈ మందు బాధలు తగ్గుటకు దానితోపాటు ఫోలిక్ ఆమ్లపు మాత్ర వ్రాయుదురు. ఒకే పరిశోధనశాల విరోధులు రెండును ఒకే చీటీపై చేరుట చూచి మాకు నవ్వు వచ్చును.

నవ్వరాని మాట యొకటి. ఈ మాత్ర వారమునకు ఒక్కసారి పుచ్చుకొనవలసినది. దినదినము మ్రింగి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు కలరు. వారము పేరు చీటీపై తెలుగులో వ్రాయించుకొనుడు. గర్భిణులకు ఇది పనికిరాదు.

పొట్లములలో అమ్ము పేరులేని వాతపు చూర్ణములు కొన్నిటిలో స్టిరాయిడు కలిసియుండుట పరీక్షలలో బయటపడినది. 1948లో హెంచ్ వైద్యుడు కార్టిజోనుతో మంచముపట్టిన రోగిని నడిపించినది, 1950లో నోబెల్ బహుమానము పంచుకొన్నది నిజమే. వైద్యుని లెక్కలో ఆ జాతి మందుకు నేటికిని చోటున్నది. కాని లెక్కలేక ఏండ్లతరబడి మ్రింగిన ఎముకలు గుల్లబారును, చక్కెర హెచ్చును, నొప్పి మాటున కీలు చెడుచునేయుండును. చెడిన కీలును ఏ మందును తిరిగి కట్టజాలదు. మొదటి నెలలే విలువైనవి.

ఉత్తరము వ్రాసినామెకు మేము విడిగ జవాబు పంపితిమి. కీళ్ళవ్యాధుల వైద్యుని యొద్దకు ఈ నెలలోనే వెళ్ళుమంటిమి. వెళ్ళుటకు ముందు పదిరోజులు, ఉదయమున పిడికిలి ఎన్ని గంటలకు బిగిసినదో ఒక కాగితముపై వ్రాసికొనుమంటిమి. వైద్యుడు మొదట అడుగు ప్రశ్నలలో అదియొకటి.