గిన్నికోళ్లతో కాపురం

(పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "రాజకీయం వద్దు, ఆరోగ్య సూత్రాలు ముగ్గురు చెబుతున్నారు, అవీ వద్దు, నీ కోళ్ల గురించి చెప్పు" అన్నారు. రిటైరై ఊళ్లకు తిరిగొచ్చి, కాస్త చోటుంది కదా నాలుగు పక్షుల్ని పెంచుదామనుకునేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారని ఆయన లెక్క. మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను అడిగినవాళ్లే ఐదుగురు. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను.

గిన్నికోడిని చూడనివాళ్ల కోసం ఒక్క మాట. ఒళ్లంతా బూడిద రంగు, దానిమీద ఆవాలంత తెల్లచుక్కలు. తల మీద ఈక ఉండదు, చిన్న కొమ్ములాంటి బొడిపె ఉంటుంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా, బుగ్గల కింద ఎర్రటి తమ్మెలు. గుండ్రటి ఒంటికి సన్నటి కాళ్లు. పరుగెడుతుంటే పంచె ఎగ్గట్టుకుని బస్సు కోసం పోయే పెద్దమనిషిలా ఉంటుంది. పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి గినీ తీరం పేరే మన నోట్లో 'గిన్ని' అయింది. గ్రీకుల కథలో మెలియాగర్ అనే వీరుడు చనిపోతే అతని అక్కచెల్లెళ్లు ఏడ్చి ఏడ్చి ఈ పక్షులైపోయారట, ఆ కన్నీటి బొట్లే ఈ చుక్కలట. శాస్త్రీయనామంలో ఆ పేరు నేటికీ ఉంది. వీటి గొంతు విన్నవాళ్లకు ఆ ఏడుపు కథ నిజమే అనిపిస్తుంది.

మనదేశంలో వీటి మీద బాగా పనిచేసింది ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ. వాళ్లు తీసిన రకాలకు కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అని పేర్లు పెట్టారు. పేర్లు వింటే సంగీత కచేరీకి వచ్చినట్టుంటుంది. కచేరీ తెల్లవారకముందే మొదలవుతుంది.

నూజివీడు వైపు మా మామిడితోటలో వీటిని పెంచుతున్నాను. ముందు సుఖాలు చెబుతాను. మేత ఖర్చు తక్కువ. పొద్దున వదిలితే సాయంత్రం దాకా గుంపుగా తోటంతా తిరుగుతూ మిడతలు, చెదలు, రాలిన కాయల్లోని పురుగులు ఏరుకుంటాయి. పశువుల్ని పట్టే పిడుదుల్ని, మన వైపు గోమార్లంటాం, గడ్డిలో వెతికి మరీ తింటాయి. నాటుకోడిలా పాదుల్ని కాళ్లతో కెలికి పాడుచెయ్యవు. అయితే లేత మొలకలు కనిపిస్తే మాత్రం వదలవు, ఆకుకూర మడికి వల కట్టాల్సిందే. నాటుకోళ్లను ఊడ్చిపెట్టే జబ్బులకు ఇవి అంత తేలిగ్గా లొంగవు. గుడ్డు కోడిగుడ్డు కంటే చిన్నది, పెంకు మాత్రం రాయి. మా ఇంట్లో గిన్నె అంచుకు కొడితే గిన్నెకే సొట్ట పడుతుందని వేళాకోళం. ఎండలు ముదిరినప్పుడు మొదలుపెట్టి వానాకాలం దాకా పెడతాయి, చలికాలం మానేస్తాయి. ఏడాది పొడుగునా గుడ్లు కావాలంటే ఇది మీ పక్షి కాదు.

ఆ గుడ్లయినా గంపలో పెట్టవు. పొదల్లో, ఎండుగడ్డిలో, ఎవరికీ కనబడని చోట పెడతాయి. ఒకే గూట్లో నాలుగైదు పెట్టలు పెడతాయి. ముప్ఫై గుడ్లు పోగయ్యాక మీకు కనిపిస్తే అదృష్టం, ముందు ముంగిసకు కనిపిస్తే దాని అదృష్టం.

పిల్లల సంగతే అసలు కష్టం. గిన్నిపెట్ట పొదగడంలో ఓపిక గలదే గాని, పెంచడంలో ఒట్టి మొద్దు. తెల్లవారుజామున మంచుతో తడిసిన గడ్డిలోకి పిల్లల్ని తిప్పుకుపోతుంది. ఆ పిల్లలు తడిస్తే బతకవు. ఒక పెట్ట వెనక పొద్దున పద్దెనిమిది పిల్లలు బయల్దేరితే, సాయంత్రానికి ఐదు మిగిలాయి. మిగతావి దారి పొడుగునా గడ్డిలో పడి ఉన్నాయి. అది వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఎవరికైనా మనసు చివుక్కుమనే దృశ్యం అది.

అందుకే ఎప్పుడూ నాటుకోడి కింద పెట్టడమే మేలు. కోడిగుడ్డు ఇరవై ఒక్క రోజులకు పగిలితే ఇది ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిది రోజులు తీసుకుంటుంది. మూడు వారాలు కాగానే విసిగి లేచిపోయే కోళ్లుంటాయి. ఆ చివరి వారం కూర్చోగల నిదానస్తురాలిని ఎంచుకోవాలి. పుట్టాక కనీసం నెల రోజులు పొడినేల, వెచ్చదనం, మాంసకృత్తులు ఎక్కువున్న మేత. చెదపుట్ట మట్టి తెచ్చి ముందు పోస్తే పండగ చేసుకుంటాయి. కోడి కింద పెరిగిన పిల్లలకు ఇంకో లాభం, సాయంత్రం గూటికి రావడం తల్లిని చూసి నేర్చుకుంటాయి. లేకపోతే చీకటి పడగానే చెట్టెక్కుతాయి, రాత్రి గుడ్లగూబకో బావురుపిల్లికో ఆహారమవుతాయి. గూట్లో చిన్న బల్బు వెలగాలి, చీకటి గూట్లోకి ఇవి అడుగుపెట్టవు.

తెలివి గురించి అడక్కండి. గుంపు కంచెకు అటువైపు, ఒక పక్షి ఇటువైపు ఉండిపోతే, అది కంచె వెంబడి అటూ ఇటూ గంటసేపు పరుగెడుతూ ఏడుస్తుంది. పది అడుగుల దూరంలో గేటు బార్లా తెరిచే ఉంటుంది. మా మేనల్లుడు కొత్త కారు వేసుకొస్తే, తలుపు మీద కనిపించిన తమ నీడలతో గుంపంతా యుద్ధం చేసింది. ఇప్పుడతను కారు రోడ్డు మీదే ఆపి నడిచొస్తాడు.

ఇక అరుపు. దీన్ని చివరికి దాచింది, మిగతావన్నీ సర్దుకోవచ్చు గాని ఇది సర్దుకునేది కాదు కాబట్టి. పెట్ట రెండు ముక్కలుగా అరుస్తుంది, పుంజు ఒకే ముక్క. ఆడా మగా పోల్చుకోవడానికి అదే నమ్మకమైన గుర్తు. కొత్త మనిషి వస్తే అరుపు, గద్ద నీడ పడితే అరుపు, ఒకటి తప్పిపోతే అరుపు, దొరికితే ఇంకా పెద్ద అరుపు. తాచుపాము కనిపిస్తే చుట్టూ వలయం కట్టి ఊరు లేచేలా అరుస్తాయి, ఇది నేను రెండుసార్లు చూశాను. అయితే గొడుగు తెరిచినా సరిగ్గా అదే అరుపు. అందువల్ల ప్రతిసారీ లేచి వెళ్లాల్సిందే.

తోట పక్కనే బాబాయిగారి ఇల్లు. వరసకు బాబాయి, మా నాన్నగారి స్నేహితుడు. ఆయనకు గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, పిన్నిగారు కంచె దగ్గర నిలబడి, "బాబూ, ఆయనకు కంటిమీద కునుకు లేదు. పగలు కాసేపు పడుకుంటే చాలు, అదీ పడనివ్వడం లేదు ఇవి" అన్నారు. కోపంగా అంటే నేనూ కోపంగా ఏదో అనేవాణ్ణి. ఆవిడ బతిమాలినట్టు అన్నారు.

ఇరవై నాలుగు పక్షుల్ని తొమ్మిదికి తగ్గించాను. గూడు తోట ఆ చివరికి మార్చాను. పొద్దున ఎనిమిది దాటేదాకా వదలను. అయినా వినిపిస్తుంది, గాలి అటు తిరిగితే మరీను. ఆ తర్వాత వాళ్ల పశువులపాక వెనక తాచును పట్టించింది ఈ తొమ్మిదే. ఆ మాట బాబాయిగారితో అంటే, "పాము వచ్చింది ఒక్కరోజురా. రాని రోజులు మూడువందల అరవై నాలుగు, అవి కూడా నువ్వే లెక్కపెట్టు" అన్నారు. లెక్కపెట్టాను, ఆయనదే న్యాయం. ఆయన ఆరోగ్యం మళ్లీ ఇబ్బంది పెడితే ఈ తొమ్మిదీ వెళ్లిపోతాయని పిన్నిగారికి మాటిచ్చాను. సాయంత్రం అవి వరసకట్టి గూటికి వస్తుంటే ఆ మాట గుర్తొస్తూనే ఉంటుంది.

ప్రస్తుతం ఒక నాటుకోడి కింద పద్నాలుగు గుడ్లున్నాయి. పిల్లలు కావాలన్నవాళ్లు భోజనాల దగ్గర పేరు రాయించండి. రాయించే ముందు మీ పక్కింటివాళ్లకు ఫోన్ చెయ్యండి, నా దగ్గర అరుపు రికార్డు ఉంది, వినిపించండి. పిల్లల్ని నెల నిండాకే ఇస్తాను. వచ్చేటప్పుడు చిల్లులు పెట్టిన అట్టపెట్టె, అడుగున పొడి ఊక తెచ్చుకోండి. వానరోజు మాత్రం రావద్దు.