ఇద్దరికీ ఒకే చిట్టా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నన్ను మాట్లాడమన్నారు. ఆ విద్య మన పిల్లలకు నాకంటే బాగా తెలుసు. నేను బిల్లుల సంగతి చెబుతాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక భాయి లేతు మిషను పెట్టుకొని పెద్ద కంపెనీకి విడిభాగాలు చేసి పంపుతున్నాడనుకుందాం. సరుకు వెళ్ళింది, బిల్లు వెళ్ళింది. నెల తర్వాత ఫోను చేస్తే "బిల్లు అందలేదండీ" అంటారు. మళ్ళీ పంపితే "స్టోర్సులో సంతకం కాలేదు" అంటారు. అబద్ధమని ఎలా అనగలం? ఆయన లెక్క ఆయన పుస్తకంలో, వాళ్ళ లెక్క వాళ్ళ పుస్తకంలో ఉంది. ఈలోగా శనివారం వస్తే పనివాళ్ళకు కూలి ఇవ్వాలి కదా!

ఇంటర్నెట్టు మీద నడిచే వ్యాపార సాఫ్ట్‌వేరు ఇక్కడే పనికివస్తున్నది. చిట్టా ఎక్కడో సర్వరులో ఉంటుంది. ఎవరి పాస్‌వర్డుతో వారు తెరుస్తారు. ఆర్డరు, సరుకు ముట్టినట్టు రసీదు, బిల్లు, ఈ మూడూ సరిపోయాయా లేదా అన్నది రెండు కంపెనీలకూ కనబడుతుంది. ఎవరు ఏనాడు ఏం నమోదు చేశారో కూడా అందులో నిలిచిపోతుంది.

జి.ఎస్.టి.లో మనకిది కొంత అలవాటే. అమ్మినవాడు బిల్లు ఎక్కిస్తేనే కొన్నవాడి 2-బి పత్రంలో అది కనిపిస్తుంది. 2022 జనవరి 1 నుంచి అలా కనిపించిన బిల్లు మీదనే కట్టిన పన్ను జమ దొరుకుతోంది. అందుచేత ఇప్పుడు పెద్ద కంపెనీవాళ్ళే మనకు ఫోను చేసి "బిల్లు ఎక్కించారా?" అని అడుగుతున్నారు!

ఇక ట్రెడ్స్ అనే ఏర్పాటు. రిజర్వు బ్యాంకు 2014లో నిబంధనలు చేసింది. 2017లో ఇటువంటి వేదికలు మూడు మొదలైనవి. చిన్న పరిశ్రమ తన బిల్లు పెడుతుంది, కొన్న కంపెనీ ఒప్పుకుంటుంది, బ్యాంకులు పోటీపడి రేటు చెబుతాయి. నచ్చిన రేటు మనం ఎంచుకుంటే ఒకటి రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. గడువునాడు కంపెనీ బ్యాంకుకు కడుతుంది. కట్టకపోయినా బ్యాంకు మన మీదికి రాదు. 250 కోట్లు మించిన టర్నోవరు గల కంపెనీలు 2025 మార్చి 31లోగా ఇందులో చేరాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. చేరినంతమాత్రాన ప్రతి బిల్లూ ఒప్పుకుంటారని కాదు, అడుగుతూనే ఉండాలి.

బ్యాంకు కొంత తగ్గించుకొని ఇస్తుంది గదా, అది వడ్డీ కాదా అని మనలో అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు ఆలిములు చెప్పాలి. అది వద్దనుకున్నవారికి 2006 నాటి చట్టం ఉంది: సూక్ష్మ, చిన్న పరిశ్రమల బిల్లుకు ఒప్పందం ఏదైనా గడువు 45 రోజులు మించరాదు. సరుకు ముట్టిన తేదీ చిట్టాలో ఉంటే ఆ లెక్క తేలికగా తేలుతుంది.

చిక్కులూ లేకపోలేదు. అయిదుగురు ఖాతాదార్లుంటే అయిదు పోర్టళ్ళు, అయిదు పాస్‌వర్డులు! తలనొప్పే. పోర్టలు పెద్ద కంపెనీదైతే తాళంచెవి కూడా వాళ్ళదే; రేపు మన లాగిన్ ఆపేస్తే పాత లెక్కలు చూడలేము. నెలనెలా ఒక ప్రతి దింపి దాచుకోండి. మనలో చాలామంది ఓ.టి.పి. కూడా అకౌంటెంటు గుమాస్తాకే చెప్పేస్తున్నారు. ఇది గల్లా పెట్టె తాళం ఇచ్చినట్టే.

వీటన్నిటికీ ముందు ఉద్యం నమోదు ఉండాలి. ఆధార్, పాన్ చూసుకొని మీ పిల్లల చేతనే చేయించండి. ఫీజు లేదు; బ్రోకరుకు ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు.